ఒంట్లో గాలి

విమానంలో భోజనాల పళ్ళేలు తీసుకెళ్ళగానే పర్తినా తన పనిలో పడింది. మొగుడి మెడకు చుట్టిన తువ్వాలు విప్పి, చొక్కా పై గుండీలు రెండు తీసి, లవంగనూనె మూడు చుక్కలు అరచేతిలో వేసుకుంది. రెండు చేతులూ వేడెక్కేదాకా రుద్దుకుని, అతని మెడ వెనక నుంచి ఎడమ భుజం దాకా బొటనవేళ్ళతో నొక్కడం మొదలుపెట్టింది. ముప్పై ఏళ్ళుగా ఊరందరికీ చేస్తున్న పని అది. నేలమీదైనా ఆకాశంలోనైనా ఆ చేతులకు తేడా తెలియదు.

ఆమె మొగుడు వర్సితో కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. నుదుటిమీద చెమట పట్టింది. పైనుంచి చల్లగాలి కొడుతుంటే చెమటేమిటని ఆమెకు అనుమానం రాలేదు. ఒంట్లో చేరిన గాలి బయటికి వస్తోందనుకుని ఇంకాస్త గట్టిగా నొక్కింది.

ముందు సీట్లోంచి హెరావతి తల వెనక్కి తిప్పింది. ఆమెకు సోలో పట్నంలో బంగారు కొట్టుంది. అరవై దాటినా పెదాలకు రంగు మానలేదు. ఈ యాత్రకు వచ్చిన ఇరవై ఇద్దరిలో ఆమె నోటికి జడవనివాళ్ళు లేరు.

"ఎవరమ్మా అది, విమానంలో వైద్యశాల తెరిచింది? అంత ఖరీదు సెంటు కొట్టుకొచ్చాను. ఇప్పుడు నేనూ కీళ్ళనొప్పుల ముసల్దానిలా వాసనొస్తున్నాను."

"మా ఆయనకి గాలి చేరింది బూ. పొద్దుట్నించీ ఈ డబ్బాలో చల్లగాలి కొడుతూనే ఉందిగా, ఎవరికైనా చేరుతుంది. మీకూ కాస్త రాయనా?"

"వద్దు తల్లీ. నా గాలి నాకుండనీ."

చుట్టుపక్కల నలుగురు నవ్వారు. పర్తినా కూడా నవ్వింది. కానీ మనసులో ఉడుక్కుంది. జావాలోని క్లాతెన్‌లో, ఆమె వీధిలో ఈ మాట ఎవరూ అనరు. అందరూ ఆమెను 'బూ' అని, అమ్మా అని, గౌరవంగానే పిలుస్తారు. అక్కడ కడుపుబ్బరమైనా, తలదిమ్మైనా, ఒళ్ళునొప్పులైనా, జనం ముందు తొక్కేది పర్తినా గడపే. తెల్లారకముందే పసుపు, చింతపండు, కచ్చూరం, అల్లం దంచి, కషాయాలు కాచి, ఎనిమిది సీసాల్లో పోసి, బుట్టలో సర్ది, బుట్టను పాత చీరగుడ్డతో వీపుకు కట్టుకుని వీధుల్లో అమ్మడానికి బయల్దేరేది. సీసాలు ఖాళీ అయ్యేసరికి ఎండెక్కేది. మధ్యాహ్నాలు వీపులు గీకే పని. తల్లి నుంచి వచ్చిన డచ్చికాలపు రాగి బిళ్ళ ఒకటి ఉంది ఆమె దగ్గర. వీపుకు నూనె రాసి, వెన్నెముకకు రెండువైపులా ఆ బిళ్ళ అంచుతో గీస్తూ పోతే, గాలి ఉన్నచోట గీత ఎర్రగా పొంగుతుంది. బిడ్డలు పుట్టలేదన్న లోటు తప్పితే ఆమె బతుకులో తలెత్తుకోలేని సంగతి ఏదీ లేదు.

బయల్దేరిన రోజు జకార్తాలో మాత్రం తల దించుకోవలసివచ్చింది. మొగుడి కోసమని చేతిసంచిలో నాలుగు సీసాల కషాయం పెట్టుకొస్తే, తనిఖీ దగ్గర కుర్రపిల్ల ఒకతె ఒక్కొక్కటే తీసి చెత్తడబ్బాలో వేసింది. "కనీసం మీరైనా తాగండమ్మా, పారెయ్యకండి" అని పర్తినా బతిమాలింది. ఆ పిల్ల వినిపించుకోలేదు. లవంగనూనె సీసా చిన్నది కాబట్టి మిగిలింది. రాగి బిళ్ళను డబ్బనుకుని వదిలేశారు.

అసలు ఈ ప్రయాణమే కోరి తెచ్చుకున్నది కాదు. జిల్లా పుట్టినరోజుకు ఊరంతా కలిసి నడిచే పండగ పెట్టారు. అయిదు కిలోమీటర్లు నడిచిన ప్రతివాళ్ళకూ ఒక లాటరీ చీటీ ఇచ్చారు. బట్టలుతికే మిషను మూడో బహుమతి అని విని పర్తినా మొగుణ్ణి లాక్కుని నడిచింది. చివరికి తగిలింది మొదటి బహుమతి, ఇద్దరికి ఇస్తాంబుల్ యాత్ర. వేదిక ఎక్కి, "దీనికి బదులు ఆ మిషనిస్తే పోదూ?" అని అడిగేసరికి మైదానమంతా గొల్లుమంది.

ఇంటికొచ్చాక వర్సితో నోరు విప్పాడు. నోట్లో నాలుక లేని మనిషి అతను. ముప్పై మూడేళ్ళు ఊరి చివర రైలు గేటు దగ్గర, మంచమంత గదిలో, గంట మోగితే గేటు దించి, బండి పోయాక ఎత్తిన మనిషి. పదవీ విరమణై ఆరేళ్ళయినా వేళకు చెయ్యి దానంతట అదే లేస్తుంది. అన్నం తింటున్నా సరే, సోలో వైపు పోయే సరుకుల బండి వేళకు కుడిచెయ్యి పళ్ళెం దగ్గర ఆగిపోతుంది.

"వాళ్ళు మిషనివ్వకపోవడమే మంచిదైంది బూ," అన్నాడు. "ఇన్నేళ్ళూ పోయేవాళ్ళకి గేటేసి నిలబడ్డాను. కిటికీల్లో మొహాలు చూస్తూ. ఒక్కసారి నేనూ పోతాను."

పెళ్ళైన నాటి నుంచీ అతను 'నాకు కావాలి' అన్నది అదొక్కటే. దాంతో ఆమె మిషను మాట మళ్ళీ ఎత్తలేదు. కడుపు కట్టుకుని ఇద్దరికీ ఉన్నిచొక్కాలు కొంది.

ఇప్పుడు విమానంలో ఆ ఉన్నిచొక్కా కింద అతని భుజం రాయిలా ఉంది. ఎడమచెయ్యి మొద్దుబారిందన్నాడు. దవడ లాగుతోందన్నాడు. విమానం అమ్మాయి వంగి ఏదో అడిగితే, వర్సితో నవ్వి, కుడిచేతి బొటనవేలు ముందుకు చాపి, బాగానే ఉన్నానన్నట్టు తల ఊపాడు. ఆ అమ్మాయి తృప్తిపడి వెళ్ళిపోయింది.

"చెప్పకపోయావా, నీకు బాలేదని," అంది పర్తినా.

"ఏ భాషలో చెప్పను? చెప్తే మాత్రం, విమానం ఆపుతారా?"

ఆమె మళ్ళీ మూడు చుక్కలు అరచేతిలో వేసుకుంది.

మర్నాడు ఉదయం నుంచి ఇస్తాంబుల్ చూపించడం మొదలైంది. యాత్ర నడిపించే కుర్రాడు మస్ బగస్. అతన్ని అందరూ మస్, అంటే అన్నా, అంటారు; అతను పెద్ద మగవాళ్ళను పాక్, అంటే అయ్యా, అంటాడు. ముప్పై ఏళ్ళుంటాయి. చేతిలో ఎర్రజెండా పట్టుకుని ముందు నడుస్తాడు, ప్రతి మలుపులో వెనక్కి తిరిగి తలలు లెక్కపెడతాడు. సన్నటి వాన, ఎముకలు కొరికే చలి. ఆ ఊరంతా ఎత్తుపల్లాలే. పెద్ద మసీదు గుమ్మటాలు మబ్బులో సగం మునిగి ఉన్నాయి. అందరూ తల పైకెత్తి ఫోటోలు తీసుకుంటుంటే వర్సితో ఒక గోడ పట్టుకుని నిలబడ్డాడు. బూట్లు కరుస్తున్నాయన్నాడు.

మసీదు లోపల అతను రెండు రకాతుల నమాజు చదివి, లేవలేక అక్కడే కూర్చుండిపోయాడు. ఆడవాళ్ళ వైపు నుంచి పర్తినా చూస్తూనే ఉంది. అంత పెద్ద కప్పు కింద అతను మరీ చిన్నగా కనిపించాడు.

ఒక్కచోట మాత్రం ప్రాణం లేచొచ్చినట్టయ్యాడు. జనంతో కిటకిటలాడే బజారు వీధిలో, నట్టనడుమ పట్టాలు, పట్టాల మీద గంట కొట్టుకుంటూ ఎర్రటి ట్రాము. జనం చివరి క్షణంలో ఇటు ఒకరూ అటు ఒకరూ తప్పుకుంటున్నారు.

"గేటు లేదు బూ!" అన్నాడు వర్సితో. గొంతులో భయమూ ఉంది, సరదా కూడా ఉంది. "చూడు, చూడు! బండి వస్తుంటే ఆ పిల్లాడు ఐస్‌క్రీం నాక్కుంటూ పోతున్నాడు! ఎవరూ ఆపేవాళ్ళు లేరు!"

"నిన్నిక్కడ ఉద్యోగంలో పెట్టుకోమని అడగనా?"

"అడుగు. రెండ్రోజుల్లో పిచ్చెక్కి పారిపోతాను."

మూడు ట్రాములు పోయేదాకా అక్కడే నిలబడ్డారు. మస్ బగస్ వెనక్కి పరుగెత్తుకొచ్చి, "పాక్, బూ, మీకోసం ఇరవై మంది బస్సులో కూర్చున్నారు" అన్నాడు. కోపంగా అనలేదు. అయినా వర్సితో మొహం చిన్నబోయింది. బస్సెక్కుతూ ఒక్కొక్కరికీ తల వంచి క్షమించమని చెప్పాడు. ఇరవైమందికీ ఇరవైసార్లు వంగాడు. కూర్చునేసరికి పెదాలు పాలిపోయాయి.

రెండో ఉదయం, ఫలహారాలకింకా గంట ఉండగానే, పర్తినా గది తలుపు గడియపెట్టి అతన్ని మంచం మీద బోర్లా పడుకోబెట్టింది. వీపుకు నూనె రాసింది. రాగి బిళ్ళ తీసి మెడ దగ్గర మొదలుపెట్టి కిందికి ఏటవాలుగా ఒక గీత గీసింది.

గీత ఎర్రబడలేదు.

రెండోది గీసింది. మూడోది. చర్మం మీద తెల్లటి చార కాసేపు నిలిచి, పాలిపోయి, మాయమైంది. కుడివైపు కాస్త గులాబీ రంగు తేలింది. ఎడమవైపు, నొప్పి ఉందన్నచోట, అది కూడా లేదు. పర్తినా చెయ్యి ఆగింది. బిళ్ళ చేతికిచ్చిన నాడు తల్లి చెప్పిన మాట ఆమెకు బాగా గుర్తుంది. ఎర్రబడకపోతే అది గాలి కాదు, నీ చేతిలో పని కాదు, వదిలేసి పెద్ద డాక్టరు దగ్గరికి పంపు. ముప్పై ఏళ్ళలో అలా అయిదారుగురిని పంపింది కూడా. పంపినప్పుడల్లా వాళ్ళు ఆమెకు దణ్ణం పెట్టి వెళ్ళారు.

ఇక్కడ ఎక్కడికి పంపుతుంది? డాక్టరు కావాలంటే మస్ బగస్‌కు చెప్పాలి. మస్ బగస్ ఇవాళ్టి పడవ ప్రయాణం మానుకుని ఆస్పత్రికి రావాలి. ఇరవైమంది హోటల్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలి. చీటీ తగిలి ఊరికే వచ్చిన ఇద్దరి కోసం, సొమ్ము కట్టి వచ్చినవాళ్ళంతా. ఆ తలపుకే ఆమెకు చెవులు వేడెక్కాయి.

"వస్తోందా?" అన్నాడు వర్సితో దిండులోంచి.

"ఆ. లోతుగా ఉంది. కదలకు."

ఆమె మోకాళ్ళ మీద లేచి, బిళ్ళను పిడికిట్లో బిగించి, ఒంటి బరువంతా వేసి గీసింది. అదే గీత మీద మళ్ళీ మళ్ళీ గీసింది. అతను దిండు కరుచుకున్నాడు గానీ అబ్బా అనలేదు. ఎట్టకేలకు చర్మం ఎర్రబడింది. ఎరుపు దాటి నల్లబడింది. పక్కటెముకల వెంట చారలు చారలుగా తేలింది. పర్తినా ఆయాసపడుతూ వెనక్కి కూర్చుంది.

"చూడు, ఎంత గాలి ఉందో!" అంది. తనకు తనే చెప్పుకున్నట్టుంది.

వర్సితో లేచి కూర్చుని, పెద్ద ఊపిరి తీసుకుని నవ్వాడు. "తేలిగ్గా ఉంది. నీ చేతిలో ఏదో ఉంది బూ." ఆమె కోసమే అన్నాడో, నిజంగానే తేలికైందో, ఆమె తేల్చుకోలేకపోయింది. తేల్చుకోవాలనీ అనిపించలేదు.

ఫలహారాల దగ్గర హెరావతి వాళ్ళ బల్లకే వచ్చి కూర్చుంది. వర్సితో రొట్టెముక్క చేత్తో తిప్పుతూ తినకుండా ఉండటం కాసేపు చూసింది. అతను ఊరగాయల వైపు లేచి వెళ్ళగానే గొంతు తగ్గించింది. ఈసారి వెటకారం లేదు.

"ఆయన రంగు చూశావా? మస్ బగస్‌కి చెప్పు. ఆస్పత్రి ఖర్చు యాత్రలోనే కలిపి ఉంది, నీ చేతి డబ్బు కాదు. మా ఆయనా ఇలాగే గాలి, గాలి అన్నాడు. పోయి నాలుగేళ్ళయింది."

పర్తినాకు ఒళ్ళు మండింది. ఆ మంట వెనక భయముందని ఆమెకు తెలుసు, అందుకే మంట ఇంకా ఎక్కువైంది.

"మీ ఆయన వీపు గీకింది నేను కాదుగా బూ."

హెరావతి కాఫీ కప్పు తీసుకుని లేచి వెళ్ళిపోయింది. పర్తినా కుర్చీలోంచి సగం లేచింది. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాలనుకుంది. ఆ పనీ చెయ్యలేదు.

బస్సు దగ్గర మాత్రం ధైర్యం చేసింది. వర్సితోను కిటికీ పక్కన కూర్చోబెట్టి, కిందికి దిగి, మస్ బగస్ దగ్గరికి వెళ్ళింది. అతను ఫోనులో ఎవరితోనో గొడవపడుతున్నాడు. పడవ వేళ ముందుకు జరిపారట. ఇరవై నిమిషాల్లో రేవులో లేకపోతే పడవ పోతుందట. పర్తినా చేతులు ముందు కట్టుకుని నిలబడింది. అతను ఫోను దించి, నుదురు తుడుచుకుని, అలసటంతా దాచుకుని నవ్వాడు.

"చెప్పండి బూ. ఏం కావాలి? పాక్ బాగున్నారా?"

మాట గొంతు దాకా వచ్చింది. మా ఆయన వీపు ఎర్రబడలేదు మస్. అంతే అనాలి. క్లాతెన్‌లో పుట్టినవాడు ఎవడైనా ఆ ఒక్కమాటతో పరుగెత్తుతాడు, బగస్ కూడా ఆ పక్కవాడే. ఆమె అతని చేతిలోని ఫోను వైపు చూసింది. బస్సు కిటికీల్లోంచి చూస్తున్న మొహాల వైపు చూసింది.

"బాగున్నారు మస్. ఫ్లాస్కులోకి కాసిని వేడినీళ్ళు దొరుకుతాయా?"

"అంతేనా!" అని బగస్ తనే హోటల్లోకి పరుగెత్తి నింపి తెచ్చాడు.

పడవ వేళకు అందింది. బాస్ఫరస్ జలసంధి మీద వాన ఆగి, పల్చటి ఎండ వచ్చింది. జనమంతా పై అంతస్తుకు ఎగబడ్డారు. మెట్లు చూసి వర్సితో కిందే ఆగాడు. లోపల చెక్క బల్లలు, వరసగా కిటికీలు, వెచ్చగా ఉంది. కిటికీ పక్క బల్ల మీద కూలబడి, "నువ్వెళ్ళు" అన్నాడు.

"నేనూ ఇక్కడే ఉంటా."

"వెళ్ళు బూ. ఇద్దర్లో ఒకరైనా చూడాలిగా. చూసొచ్చి నాకు చెప్పు. ఎటు ఏముందో వరసగా చెప్పాలి, నువ్వెప్పుడూ చెప్పినట్టు కలగాపులగంగా కాదు."

"నేను కలగాపులగంగా చెప్తానా?"

"పెళ్ళైన మొదటి వారం మీ మేనమామ చావు గురించి చెప్పావు. ఎవరు పోయారో నాకివాళ్టికీ తెలీదు."

ఆమె నవ్వుతూ మెట్లెక్కింది. పైన గాలి మొహాన కొట్టింది. రెండు ఒడ్లనూ కొండలు, కొండల మీద ఇళ్ళు, నీళ్ళకు ఆనుకుని తెల్లటి మేడలు. దూరంగా ఆకాశానికి కట్టినట్టు ఒక వంతెన. కొంగల్లాంటి తెల్లపిట్టలు పడవతో సమానంగా ఎగురుతూ, జనం విసిరే రొట్టెముక్కలు గాల్లోనే అందుకుంటున్నాయి. పర్తినా కమ్మీ పట్టుకుని అన్నీ వరసగా మనసులో పెట్టుకుంది. కుడివైపు ఎర్రగోడ కోట. ఆ తర్వాత మసీదు. ఆ తర్వాత వంతెన. కాసేపు, నిజంగా కాసేపు, ఆమె అన్నీ మర్చిపోయింది. పన్నెండేళ్ళ పిల్లలా నోరు తెరుచుకుని పిట్టల్ని చూసింది. వంతెన నీడ తల మీదుగా జారిపోయాక ఉలిక్కిపడి కిందికి దిగింది.

వర్సితో కిటికీ అద్దానికి తల ఆనించి పడుకున్నాడు. కిటికీ గట్టు మీద రెండు టీ గ్లాసులున్నాయి, నడుము సన్నగా ఉండే ఆ ఊరి గ్లాసులు. నవ్వూ బొటనవేలూ తప్ప వేరే భాష లేని మనిషి, పళ్ళెంతో తిరిగే టీవాణ్ణి ఎలా పిలిచాడో, ఎలా రెండు అడిగాడో! ఒక గ్లాసు సగం తాగి ఉంది. రెండోది, ఆమెది, చల్లారకుండా తన సాసరు బోర్లించి మూత పెట్టాడు. ఇంట్లో టీ గ్లాసుకు మూత పెట్టినట్టే.

"వరసగా చెప్తాను, లే," అంది. అతను లేవలేదు. నిద్ర చెడగొట్టడం ఎందుకని పక్కన కూర్చుంది. తను టీ తాగలేదు, లేచాక ఇద్దరం కలిసి తాగుదామనుకుంది. అతని చెయ్యి అందుకుంది. చల్లగా ఉంది.

"చెప్పానా తువ్వాలు తియ్యొద్దని," అంటూ నూనె సీసా తీసింది. మూడు చుక్కలు అరచేతిలో వేసుకుని రుద్దుకుని, అతని వేళ్ళు ఒక్కొక్కటే నొక్కసాగింది. ముప్పై ఏళ్ళలో ఎన్ని ఒళ్ళు పట్టిన చేతులవి! ఆ చేతులకు మొదటి వేలి దగ్గరే తెలిసిపోయింది. ఆమె మాత్రం అయిదు వేళ్ళూ పూర్తిచేసింది. రెండో చెయ్యి తీసుకుంది. మణికట్టు రుద్దింది. మళ్ళీ మొదటి చేతికి వచ్చింది. ఎర్రగోడ కోట గురించి చెప్పింది. మసీదు, వంతెన, పిట్టలు, అన్నీ వరసగా, ఒక్కటీ కలగాపులగం కాకుండా చెప్పింది.

పడవ రేవుకు తగిలి కుదిపింది. అతని తల జారి ఆమె భుజం మీద పడింది. జనం దిగిపోతున్నారు. తలలు లెక్కపెట్టుకుంటూ బగస్ లోపలికి వచ్చాడు.

"బూ, దిగుదామా? పాక్‌ని లేపండి."

"ఒక్క నిమిషం మస్," అంది పర్తినా, రుద్దుతూనే. "ఇంకా వెచ్చబడలేదు."

బగస్ దగ్గరికొచ్చి, వంగి చూసి, ఎర్రజెండా నేలమీద వదిలేశాడు. "ఇన్నాలిల్లాహి" అన్నాడు, పెదాలతోనే, పోయినవాళ్ళ కోసం అనే మాట.

ఆస్పత్రి వసారాలో ఒక ఇనప బల్ల మీద ఆమెను కూర్చోబెట్టారు. పక్కన హెరావతి కూర్చుంది. ఆమె చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది. చాలాసేపటికి ఒక యువ డాక్టరమ్మ బయటికి వచ్చి, బగస్‌ను పక్కకు పిలిచి, తన వీపు వైపు చేత్తో చూపిస్తూ గట్టిగా ఏదో అడిగింది. బగస్ తల అడ్డంగా ఊపుతూ జవాబు చెబుతున్నాడు. ఆమె నమ్మినట్టు లేదు.

"ఏమంటోంది?" అంది పర్తినా.

"ఏం లేదు బూ."

"ఏమంటోందో చెప్పు."

బగస్ నేల చూపులు చూశాడు. "గుండె ఆగిందట. రెండ్రోజుల్నించీ ఆగుతూ ఆగుతూ వచ్చిందట. అది కాదు... పాక్ వీపు మీద ఆ దెబ్బలేమిటని. ఎవరు కొట్టారని అడుగుతోంది. అది మన వైద్యమని నేను చెప్తున్నా, మీరు బాధపడకండి."

"నేనే అని చెప్పు."

"అవి దెబ్బలు కావు బూ, మన ఊళ్ళో ప్రతి ఇంట్లో..."

"ముందు ఎర్రబడలేదు మస్." పర్తినా గొంతు మామూలుగానే ఉంది. వీధిలో కషాయం కావాలా అని అడిగే గొంతే. "గాలైతే ఎర్రబడేది. కాదని నాకు తెలిసింది. తెలిసీ ఎర్రబడేదాకా గీకాను. నీ దగ్గరికొచ్చి నీళ్ళడిగాను. అది కూడా చెప్పు ఆమెకి."

డాక్టరమ్మ కలం పట్టుకుని ఎదురుచూస్తోంది. హెరావతి తన ఒళ్ళో ఉన్న ఆ చేతిని రెండు చేతులతో మూసింది. నూనె వాసన వసారా అంతా నిండిపోయింది.

ఆ వేళకు పడవ కొత్త జనాన్ని ఎక్కించుకుని మళ్ళీ అవతలి ఒడ్డుకు బయల్దేరింది. కింది అంతస్తు కిటికీ గట్టు మీద, సాసరు మూత కింద, నిండు గ్లాసు టీ చల్లారిపోయి ఉంది.